టిఫిన్ డబ్బాలో ఎనిమిది

మా ఓనరు ఉదయ్ కుమార్ గారి ఫ్లాటు నంబరు మూడు వందల ఐదు. మూడూ ఐదూ కలిపితే ఎనిమిది. ఎనిమిదంటే శని. అందుకని ఆయన తలుపు మీద ఆ నంబరు పక్కన ఇంకో ఒకటి పెయింటు వేయించారు. అప్పటి నుంచి పార్సిల్ తెచ్చినవాళ్లంతా ఆ బిల్డింగులో ముప్ఫయ్యో అంతస్తు ఎక్కడుందా అని వెతుకుతున్నారు. అక్కడున్నవి ఐదు అంతస్తులు. మహానుభావుడు, శనితో పాటు పార్సిళ్లను కూడా తప్పించుకున్నాడు.

నా పేరు రాగిణి. చిక్కడపల్లిలో లైబ్రరీకి వెళ్లే దారిలో ఆయనకున్న డీటీపీ షాపులో నేను ఆపరేటర్ని. పెళ్లికార్డులు, గృహప్రవేశాలు, దశదిన కర్మలు, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల మెటీరియల్, ఏదైనా సరే నా వేళ్ల కింద నుంచే బయటికి పోవాలి. చూడకుండా కొడతాను. ఒత్తు తప్పదు. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు, నాకున్న ఆస్తి ఈ వేళ్లే కాబట్టి చెబుతున్నాను. రాంనగర్‌లో నేనూ మా అమ్మ దమయంతీ ఉండే ఇంటి కిరాయి ఈ వేళ్ల మీదే నడుస్తుంది. నా వయసు చూసి కొత్తగా కుర్చీ వేసేవాళ్లు ఎవరూ లేరు. అడిగి చూశాను కూడా.

షాపులో సిస్టం ఒకటే. దసరాకు బొట్లు పెట్టించుకుని, బంతిపూల దండ వేయించుకుని, మిగతా ఏడాదంతా కాలు మీద కాలేసుకుని కూర్చునే ఇల్లరికపు అల్లుడిలాంటిది. దాని పొట్టలో ఉన్న ర్యామ్ నాలుగు జీబీ. ర్యామ్ అంటే మరేం లేదు, సిస్టం పని చేసేటప్పుడు సామాను పరుచుకునే చోటు. పెళ్లికార్డు పరుచుకోవడానికి నాలుగు చాలు. కానీ అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు పాఠాలు చెప్పే రాఘవేందర్ సారు మ్యాపులతో, పట్టికలతో, బొమ్మలతో ఇంత లావు ప్రశ్నల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. నోటిఫికేషన్ పడేలోపు కావాలన్నారు.

ఇక చూడాలి నా బాధ. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి పోవాలంటే తెర మీద ఆ గుండ్రటి చక్రం తిరుగుతూనే ఉండేది. నేను ఎదురుగా కూర్చుని జడ విప్పి మళ్లీ వేసుకునేదాన్ని. అమ్మకు ఫోన్ చేసి, వంకాయకూర ఎట్లా వండిందో మొదటి నుంచి చివరిదాకా వినేదాన్ని. కూర ఉడికేది. చక్రం తిరుగుతూనే ఉండేది.

ఒకరోజు ఉదయ్ కుమార్ గారు నా వెనక నిలబడి గట్టిగా నిట్టూర్చారు.

"ఏంది రాగిణి, పొద్దటి సంది గదే పేజీ మీద ఉన్నవ్?"

"నేను లేను సార్, సిస్టం ఉన్నది. నేను ఎప్పుడో ముందుకు పోయిన, అదే వస్తలేదు."

"సిస్టం మంచిదే. నీ చెయ్యే స్లో అయింది."

నా చెయ్యి స్లో అయిందట! సిస్టంకు నోరు లేదు కాబట్టి తప్పంతా నోరున్నదాని మీద పడింది. నోటిదాకా వచ్చిన జవాబు మింగి, మళ్లీ పేజీ నొక్కాను. కుర్చీ నాకు కావాలి.

అంతటితో ఆగితే ఆయన ఉదయ్ కుమార్ ఎందుకవుతారు? సాయంత్రం అశోక్‌నగర్ వెళ్లి వెంకటరామయ్య గురువుగారిని కలిశారు. ఈయన అంకెల జోస్యుడు. కింద అంతస్తులో కోచింగ్ సెంటర్, పై అంతస్తులో గురువుగారు. కింద చదివి చదివి ఫలితం రానివాళ్లు పైకెళ్లి పేరులో ఒక అక్షరం పెంచుకుని వస్తారు. ఏ రోజు చూసినా పైకి పోయే మెట్ల మీదే చెప్పులు ఎక్కువుంటాయి.

గురువుగారు ముందు నా పుట్టినతేదీ అడిగారట. ఇరవై ఆరు. రెండూ ఆరూ కలిపితే ఎనిమిది. అంతే, కంప్యూటరు రోగం తేలిపోయింది.

"కుర్చీల శని కూసున్నదట," అన్నారు మా ఓనరు మర్నాడు నాతో, మొహం పక్కకు తిప్పుకుని. "నేను అంటలేను, గురువుగారు అన్నరు. ఈ బుక్కు నోటిఫికేషన్ లోపల అయిందా సరే. గాకపోతే మా అక్క బిడ్డ వీణ ఉన్నది. ఆమెది ఒకటో నంబర్. సూర్యుడు."

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. ముందు వచ్చింది కోపమే. ఇన్నేళ్లు ఈ మనిషి పేరు కింద కార్డులు వేసి, ఆయన కూతురి పెళ్లికార్డుకు కూడా రాత్రింబవళ్లు కూర్చుని, చివరికి నేను ఆయన దుకాణానికి పట్టిన శనినయ్యాను. శనివారం శనివారం హనుమంతుడి గుళ్లో నువ్వులనూనె దీపం పెట్టేవాడు, అసలు శనే ఎదురుగా కూర్చుంటే ఒక్క చాయ్ కూడా తాగమనలేదు చూడండి.

ప్రింటరు బాగుచేయడానికి వచ్చిన సంతోష్ నన్ను కాపాడబోయాడు పాపం. నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర పాత కంప్యూటర్లు అమ్మి, రిపేరు చేసే కౌంటరు అతనిది. తెర వైపు ఒకసారి చూసి, "సార్, అక్క తప్పేం లేదు. ర్యామ్ సరిపోతలేదు. జర పెంచుండ్రి," అన్నాడు.

"ఎంత పెంచాలె?" అని మా ఓనరు అతన్ని అడిగితే కథ అక్కడే అయిపోయేది. ఆయన గురువుగారికి ఫోన్ చేసి అడిగారు. గురువుగారు పదహారు అన్నారు. చంద్రుడికి కళలు పదహారు, పూజలో ఉపచారాలు పదహారు, కట్నం చదివిస్తే నూటపదహార్లు. ఒకటీ ఆరూ కలిపితే ఏడు, ఏడుకొండలవాడు. ఇంతకన్నా పొందికైన ర్యామ్ ఎక్కడ దొరుకుతుంది?

కాచిగూడలో తన బామ్మర్ది దోస్తు దగ్గర పదహారు జీబీ ర్యామ్ ముక్క ఒకటి తెచ్చారు. మనోడే కాబట్టి సరిగ్గానే ఇచ్చి ఉంటాడు. ఏ సిస్టం, ఏ బోర్డు అని వాడు అడగలేదు, ఈయన చెప్పలేదు. దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, అగరొత్తి తిప్పి, సిస్టం పక్క రేకు తీసి, లోపలి బోర్డు మీది స్లాట్‌లో పెట్టి నొక్కారు. అది దిగలేదు. మళ్లీ నొక్కారు.

"సార్, గాటు కలుస్తలేదు చూడుండ్రి," అన్నాను. ఆ ముక్కకు కింద అంచులో ఒక గాటు ఉంటుంది. స్లాట్‌లో ఒక గుబ్బ ఉంటుంది. రెండూ ఒకచోటికి రావాలి. మాది మూడో తరం బోర్డు, తెచ్చింది నాలుగో తరం ముక్క. గాటు ఒకచోట, గుబ్బ ఇంకోచోట.

"అడ్జస్ట్ అయితది," అన్నారు మా ఓనరు, బొటనవేలు ఎర్రగా కందిపోయేదాకా నొక్కుతూ. ఈ ఊళ్లో ఏడు సీట్ల ఆటోలో పన్నెండుమంది అడ్జస్ట్ అవుతారు, ర్యామ్ ఎందుకు కాదు? అది మాత్రం కాలేదు.

కాచిగూడ వెళ్లి గొడవపడి మార్చి తెచ్చారు. ఈసారి మూడో తరమే, కానీ మళ్లీ పదహారే. గాటు కలిసింది, ముక్క దిగింది, కొబ్బరికాయ కూడా కొట్టారు. స్విచ్చి వేస్తే తెర నల్లగా ఉంది. లోపలి నుంచి కుయ్, కుయ్ అని ఒకటే అరుపు.

సంతోష్‌ను మళ్లీ పిలిపిస్తే, అతను ముక్క బయటికి తీసి నవ్వాడు. "సార్, ఈ బోర్డు పాతది. ఒక్కో స్లాట్ల ఎనిమిది కంటె ఎక్కువ పట్టదు. ఎనిమిదిది ఒకటి వెయ్యుండ్రి, ఉరుకుతది."

మా ఓనరు చెవులు మూసుకున్నారు. నిజంగానే, రెండు చేతులతో. "ఆ అంకె నా షాపుల తియ్యకు! ఉన్న ఒక్కదానితోనే పరేషాన్ అయితున్న." ఆ ఉన్న ఒక్కటి నేనే. పదహారుది తిరిగి కాచిగూడ పోయింది. నాలుగు నాలుగుగానే మిగిలింది. గురువుగారు బల్లను తూర్పుకు తిప్పమన్నారు. తిప్పారు. ఎండ తిన్నగా తెర మీద పడి, అప్పటిదాకా కనిపించే చక్రం కూడా కనిపించకుండా పోయింది.

అప్పుడు నిశ్చయించుకున్నాను. నా కుర్చీ నేనే నిలబెట్టుకోవాలి, ఎనిమిది నేనే కొనాలి. ఆ మధ్యాహ్నం నారాయణగూడ వైపు పోయి, మొదట కనిపించిన షాపులో పచ్చగా ఉన్న ముక్క ఒకటి కొన్నాను. మాదీ పచ్చదే కదా అని. తీరా పెట్టబోతే అది స్లాట్‌లో సగానికి కూడా రాలేదు. అది లాప్‌టాప్‌ది. ఓనరును చూసి నవ్విన నా నోరే నన్ను చూసి నవ్వుకుంది.

సంతోష్ దగ్గరికి వెళ్లి ఆ పొట్టి ముక్క చూపించాను. అతను తల కొట్టుకున్నాడు.

"అక్క, సుల్తాన్ బజార్ల మ్యాచింగ్ బ్లౌజుకు పోతే ఏం జేస్తవ్? రంగు యాద్ చేసుకుని పోతవా, చీరె పట్టుకుని పోతవా?"

"చీరె పట్టుకునే పోత."

"మరి? పాత ముక్క తీసుకుని రా. దాని పక్కన పెట్టి చూసి ఇస్త."

ఇంత చిన్న సంగతి మా ముగ్గురికీ తట్టలేదు, గురువుగారితో కలిపి. చీర కొంగు పట్టుకుని దుకాణం దుకాణం తిరిగి, వెలుతురులోకి తెచ్చి చూసి మరీ బ్లౌజు గుడ్డ ఎంచుకునేదాన్ని, ర్యామ్ దగ్గర కళ్లు మూసుకున్నాను. మర్నాడు ఓనరు భోజనానికి వెళ్లగానే సిస్టం ఆపి, పాత ముక్క తీసి చేతిరుమాల్లో చుట్టుకుని పరుగెత్తాను. సంతోష్ రెండింటినీ పక్కపక్కన పెట్టాడు. పొడవు ఒకటే, గాటు ఒకటే, తరం ఒకటే, వేగం ఒకటే. పొట్టిదాన్ని తనే ఉంచుకుని, దానికి కొంత తగ్గించి ఎనిమిదిది ఇచ్చాడు. ఎంతయిందో అడగకండి, చెబితే మళ్లీ కడుపు మండుతుంది.

ముక్క మీద 8 అని పెద్దగా రాసి ఉంది. షాపులో పెళ్లికార్డుల కవర్లు అంటించే వినాయకుడి స్టిక్కర్లు డబ్బాల కొద్దీ ఉన్నాయి. ఒకటి తీసి ఆ అంకె మీద అంటించాను. విఘ్నాలు తొలగించడానికే కదా స్వామి ఉన్నది.

పాత నాలుగు ఒక స్లాట్‌లో, కొత్త ఎనిమిది రెండో స్లాట్‌లో. టక్‌మని రెండు పక్కలా కొక్కేలు పడ్డాయి. స్విచ్చి వేశాను. రాఘవేందర్ సారు పుస్తకం తెరిచాను. పేజీ నొక్కితే పేజీ వచ్చింది. నొక్కకముందే వచ్చిందేమో అనిపించింది. నా చెయ్యి స్లో కాలేదు. ఎక్కడా కాలేదు. ఒక్కదాన్నే కూర్చుని, అమ్మ తోడు, గట్టిగా నవ్వాను.

మా ఓనరు వచ్చి చూసి నోరు తెరిచారు. తరువాత చేతులు జోడించారు. నాకు కాదు, బల్లకు. "చూసినవా? తూర్పుకు తిప్పంగనే ఎట్ల ఉరుకుతున్నదో! గురువుగారంటే గురువుగారే."

"అవును సార్," అన్నాను. పోనీలే, పుస్తకం అవుతుంది, కుర్చీ మిగులుతుంది, గొప్ప ఎవరిదైతేనేం అనుకున్నాను. నా అంత పిచ్చిది ఉండదు.

మర్నాడే వీణను తీసుకొచ్చి నా పక్కన నిలబెట్టారు. "సిస్టం మంచిగయింది గదా, ఇంక శని నంబర్‌తోని పనేంది అన్నరు గురువుగారు. ఒక్కసారి తీసెయ్యను, నేను గట్లాంటోన్ని కాదు. సోమ, బుధ, శుక్ర వీణ కూసుంటది. మిగిలిన మూడు దినాలు నువ్వు రా. ఆమెకు పని రాంగనే మల్ల చూద్దాం."

మళ్లీ చూద్దాం అంటే ఏమిటో నాకు తెలుసు. పెళ్లిచూపులకు వచ్చి ఫోన్ చేస్తాం అన్నవాళ్లు చేశారా ఎప్పుడైనా?

ఆ అమ్మాయి తప్పు లేదు. కళ్లు దించుకుని నిలబడింది. సాయంత్రం ఆయన చాయ్‌కి వెళ్లగానే సిస్టం ఆపి, పక్క రేకు తీసి, నా ఎనిమిదిని బయటికి లాగి, తుడిచిన టిఫిన్ డబ్బాలో గుడ్డ పరిచి పెట్టుకున్నాను. నా సొమ్ము. శని వెళ్లేటప్పుడు తనవి తను తీసుకుని వెళ్లకపోతే ఎట్లా?

సోమవారం సూర్యుడు కుర్చీలో కూర్చున్నాడు. చక్రం తిరిగింది. మంగళవారం శని వచ్చింది, డబ్బా తెరిచింది, పుస్తకం పరుగెత్తింది. బుధవారం మళ్లీ చక్రం. గురువారం మళ్లీ పరుగు. మా ఓనరుకు మతి పోయింది. వీణ మాత్రం ఆయనకు నిజమే చెప్పింది.

"మామా, దీంట్ల నాలుగే ఉన్నది. ఇంకొక ఎనిమి..."

"నోరు మూస్తవా లేదా? నువ్వు గూడ షురూ చేసినవా?"

రాఘవేందర్ సారు ఫోన్ల మీద ఫోన్లు. నోటిఫికేషన్ ఈ వారమేనట. శుక్రవారం మధ్యాహ్నం మా ఓనరు నన్ను అర్జంటుగా రమ్మన్నారు. డబ్బా పట్టుకుని వెళ్లేసరికి గురువుగారు స్వయంగా షాపులో కూర్చుని ఉన్నారు. కుర్చీలో వీణ, తెర మీద చక్రం.

"ఈ అమ్మాయిని కూర్చోబెట్టు, చూద్దాం," అన్నారు గురువుగారు నన్ను వేలితో చూపిస్తూ.

ఎనిమిది డబ్బాలో ఉంది. వీళ్లిద్దరి ఎదురుగా రేకు ఎట్లా తీయాలి? దొరికితే కుర్చీ పోవడమే కాదు, దొంగ అన్న పేరు కూడా వస్తుంది. సమయానికి శనే గుర్తొచ్చాడు.

"కూసుంట సార్. గని నేను శని నంబర్ గదా," అన్నాను వినయంగా. "శని ఆసనం మీద కూసునేటప్పుడు చూపు ఎవరి మీద పడుతదో ఏమో. నేను పిలిచేదాక జర బయట నిలబడుండ్రి, మీ మంచికే చెప్తున్న. ఒక కొబ్బరికాయ కొట్టుండ్రి, ఇంక మంచిది."

గురువుగారు నాకన్నా ముందే గుమ్మం దాటారు. శనిచూపు అంటే ఎంతటి గురువుకైనా భయమే. మా ఓనరు చెప్పులు కూడా వేసుకోలేదు.

వీణ మాత్రం కదల్లేదు. ఒకటో నంబరు వాళ్లకు భయం ఉండదేమో. నేను సిస్టం ఆపాను. టేబులు కిందికి వంగాను. రేకు గట్టిగా పట్టేసింది, ఎంత లాగినా రాలేదు. ఇంకో రెండు చేతులు వచ్చి ఆ రేకును పక్కకు లాగాయి. వీణ నా డబ్బాలోని ముక్కను చూసింది, దాని మీది వినాయకుణ్ణి చూసింది. నవ్వాపుకోవడానికి చున్నీ నోట్లో కుక్కుకుంది.

"నాకు ఈ కుర్చీ వద్దక్క," అంది గుసగుసగా. "అమ్మ పోరు పడలేక వచ్చిన. జల్ది పెట్టు."

టక్. బయట కొబ్బరికాయ పగిలింది, లోపల తెర వెలిగింది. వాళ్లను పిలిచాను. గురువుగారి ముందు రాఘవేందర్ సారు పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి మ్యాపు దాకా తిప్పి చూపించాను. ఒక్కచోట ఆగలేదు.

గురువుగారు కళ్లు మూసుకున్నారు. "ఈ యంత్రం అంకె ఎంత?"

"నాలుగు," అంది వీణ, తడుముకోకుండా.

"నాలుగు రాహువు. రాహువును సూర్యుడు పట్టలేడు, గ్రహణం పడుతుంది. అందుకే నువ్వు కూర్చుంటే ఆగిపోయింది. ఈమె ఎనిమిది. నాలుగూ ఎనిమిదీ పన్నెండు. ఒకటీ రెండూ మూడు. గురువు! ఉదయ్ కుమార్, ఈ యంత్రానికి ఎనిమిదే సరిపోతుంది. ఇంకేదీ సరిపోదు."

నేను ఆయన కాళ్లకు దండం పెట్టాను. నిజంగానే పెట్టాను. సంతోష్ బోర్డు చూసి చెప్పిన మాటను ఈయన గాలిలో లెక్కవేసి చెప్పాడు మరి. సంతోష్ ఆ మాట చెప్పినప్పుడు చెవులు మూసుకున్న మా ఓనరు ఇప్పుడు కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

"రాగిణమ్మా, గా కుర్చీ నీదే. నిన్ను ఎవ్వరు లేపరు," అన్నారు. మనిషి బాగుపడ్డాడు అనుకునేలోపే, "అయితే ఎనిమిది కలిసొచ్చింది గదా, రేపటి సంది పొద్దున ఎనిమిదికి వచ్చి రాత్రి ఎనిమిదికి పో," అని కలిపారు. దయ కూడా లెక్క ప్రకారమే.

"సాయంత్రం ఆరు దాటితే నా నంబర్ పనిచెయ్యదు సార్. మీరే చూస్తరు," అన్నాను.

ఆరింటికి ఓనరూ గురువుగారూ చాయ్‌కి పోయారు. సిస్టం ఆపాను, డబ్బా మూశాను. గుమ్మం దగ్గర వీణ అంది: "అక్క, డబ్బా మర్చిపోకు."

మర్నాడు పొద్దున చిక్కడపల్లి చౌరస్తాలో బండి దగ్గర ఇడ్లీ తింటుంటే ఫోన్ మోగింది. ఆయనే. తన చేత్తో తనే పేజీ తిప్పబోయినట్టున్నారు.

"రాగిణమ్మా, ఎక్కడున్నవ్? చక్రం తిరుగుతనే ఉన్నది. రాఘవేందర్ సార్ వచ్చి కూసున్నడు."

"సిస్టం మంచిదే సార్. మీ చెయ్యే స్లో అయినట్టున్నది."

అవతలి గొంతు చిన్నదైపోయింది. "జర జల్ది రా, అమ్మా."

"వస్తున్న సార్. గని మీకు తెల్వనిదేముంది? శని మందగమనుడు గదా. నిదానంగనే వస్తడు."

ఫోన్ పెట్టేసి, డబ్బా ఒళ్లోకి జరుపుకుని, ఇంకో ప్లేటు ఇడ్లీ చెప్పాను.